బుల్లెమ్మ ముక్కు

డాక్టర్ మంగతాయారుకి గర్వం ఎక్కువని ఆమె దగ్గర పనిచేసినవాళ్లంతా చెప్పుకునేవారు. ఆమె కాదనేది కాదు. గర్వపడే పని చేశాక గర్వపడక ఏం చెయ్యమంటారని ఎదురడిగేది. కాకినాడలో సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద, ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ నడిచిన భవనంలో ఆమె పరిశోధనశాల ఉండేది. మే నెలలో కూడా చల్లగా ఉండే ఆ గదుల్లో ఆమె, కుర్ర డాక్టరు ఇమ్మానుయేలు కలిసి, అప్పటిదాకా ఎవరూ చెయ్యని పని ఒకటి చేశారు. ఒక కుక్క ముక్కుని గాజుపెట్టెలో పెంచారు.

ముక్కంటే పైకి కనిపించే ఆ నల్లటి కొస కాదు. లోపల వాసన పట్టే పలచటి పొర. ఆ పొర బుల్లెమ్మది.

బుల్లెమ్మ ఊరకుక్క. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది ఎప్పుడూ వాలిపోయే ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు వానకి తడుస్తూ గేటు కింద నుంచి దూరి లోపలికొచ్చింది. ఆ రోజు మంగతాయారు ఏదో విసుగులో ఉండి, సాయంత్రం దాకా ఉండనిచ్చి పంపించెయ్యమంది. సాయంత్రం తన కారులోనే ఇంటికి తీసుకుపోయింది. అప్పటినుంచీ పొద్దున్నే ఆమెతో పాటు ల్యాబుకి రావడం, ఆమెతో పాటే ఇంటికి పోవడం. ఇంత క్రమంగా డ్యూటీకి వచ్చేవాళ్లు మా దగ్గర ఇంకెవరూ లేరని ఇమ్మానుయేలుని దెప్పడానికి కూడా బుల్లెమ్మ పనికొచ్చేది.

దాని గొప్పతనం బయటపడింది ల్యాబులోని టీకాల గదిలో. మామూలుగా ఏటేటా వేసే టీకా కుక్కలకి ఏమీ చెయ్యదు. కొన్ని ఆ పూటకి నీరసంగా పడుకుంటాయి, మర్నాటికి లేచి తోక ఊపుతాయి. ఎక్కడో ఒకదానికి మాత్రం ఒళ్లు ఎదురు తిరుగుతుంది. మూతి వాస్తుంది, దద్దుర్లు లేస్తాయి, ఊపిరి అందదు. వెంటనే చూసుకుంటే చాలావరకు బతుకుతాయి. చూసుకోకపోతే కష్టం. ఒకరోజు టీకా వేయించుకుని హాయిగా కూర్చున్న డాబర్‌మాన్ దగ్గరికి బుల్లెమ్మ వెళ్లి, ఒళ్లంతా ఒకటికి పదిసార్లు వాసన చూసి, కుయ్యిమంటూ అక్కడే కూలబడింది. లాగినా రాలేదు. కాసేపటికి డాబర్‌మాన్ కళ్లు మూసుకుపోయేలా రెప్పలు ఉబ్బాయి. మొదటిసారి అందరూ నవ్వారు. రెండోసారి కూడా అలాగే జరిగితే నవ్వు ఆగిపోయింది. మూడోసారి బుల్లెమ్మ కుయ్యిమనగానే ఇమ్మానుయేలు మందు చేతిలో పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు, మందు అవసరం పడింది కూడా.

కుక్క ఒళ్లు టీకా మీద తిరగబడే ముందు దాని ఊపిరిలో ఏదో సన్నటి వాసన పుడుతుంది. మనుషులకి అందదు. బుల్లెమ్మకి అందుతుంది. ఆ సంగతి తేలాక మంగతాయారు ఇంకో పని పెట్టుకోలేదు. బుల్లెమ్మ ముక్కులోంచి దూదిపుల్లతో తీసిన కాసిని కణాల్ని పోషకద్రవంలో పెంచి, పొరగా పరిచి, పెట్టెలో అమర్చడానికి ఆమె జుట్టు సగం నెరిసింది. కుక్క పెదవి లోపల టీకామందు ఒక్క చుక్క రాసి, కాసేపాగి, దాని ఊపిరి పెట్టె గొట్టంలోకి పంపితే చాలు. పచ్చ దీపం వెలిగితే టీకా వెయ్యొచ్చు. ఎర్ర దీపం వెలిగితే ఆపాలి. శాస్త్రంలో దానికి పొడుగాటి పేరు ఉంది గానీ ల్యాబులో వాచ్‌మన్ దగ్గర నుంచి అందరూ దాన్ని బుల్లెమ్మ ముక్కు అనే పిలిచేవారు. మంగతాయారు కూడా పొడుగాటి పేరు మర్చిపోయింది.

ఆ పొర బతకాలంటే దానికి రక్తంలోంచి వేరుచేసిన నీరు కావాలి. రోజూ కాస్త కాస్త పొయ్యాలి. పెట్టెకి ఒక్క కుక్క రుచే అలవాటవకుండా నాలుగైదు కుక్కల నుంచి తీసి కలిపి పోద్దామని ఇమ్మానుయేలు అన్నాడు. మంగతాయారు ఒప్పుకోలేదు. "కన్నతల్లి పాలుండగా పోతపాలు పడతామేంటయ్యా," అని కొట్టిపారేసింది. బుల్లెమ్మ ముక్కు బుల్లెమ్మ రక్తంతోనే పెరగాలి, ఊరివాళ్ల రక్తం దానికెందుకని ఆవిడ పట్టుదల. ఇమ్మానుయేలుకి సబబుగానే తోచింది. వాళ్లమ్మ కూడా అలాగే అనేది.

ఇదంతా ఎందుకు చేస్తున్నదో ఊళ్లో అందరికీ తెలుసు. పెట్టె తయారయ్యే ముందు ఏడాది ఒక పొమరేనియన్ వేరే చోట టీకా వేయించుకుని ఇంటికి వెళ్తూ ఆటోలోనే ప్రాణం వదిలింది. అది ఒళ్లో ఉండగానే పోయిందని దాన్ని పెంచినావిడ ఏడుస్తూ మాట్లాడిన వీడియో ఫోన్ల మీద ఊరంతా తిరిగింది. ఆవిడ ఏడుపులో అబద్ధం లేదు. కానీ ఆ తర్వాత టీకాల గదిలోకి ఈగ కూడా రాలేదు. వానలు పడగానే కుక్కపిల్లలకి రక్తవిరేచనాల జబ్బు పట్టుకుంది. జగన్నాథపురం సందుల్లో, దుమ్ములపేటలో, చేపల రేవు దగ్గర పిల్లలు పిట్టల్లా రాలిపోయాయి. టీకా వేసుంటే బతికేవని తెలిసి వాటిని చూడటం మంగతాయారుకి నరకంగా ఉండేది. సూదంటే భయం పోతే తప్ప వచ్చే వానలకి కూడా ఇదే జరుగుతుంది. బుల్లెమ్మ ముక్కు ఆ భయాన్ని పోగొట్టాలి. ఆమెకి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఆ మధ్యనే ఆమె కొడుక్కి పెళ్లయింది. కోడలు శర్వాణి కరీంనగర్ పిల్ల, నెమ్మదస్తురాలు. వచ్చిన కొత్తలో రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు భోజనాల దగ్గర చాలా మర్యాదగా, ఇంట్లో ఏదో వాసన వస్తోంది అత్తమ్మా అంది. మంగతాయారుకి ఎక్కడో గుచ్చుకుంది. మా ఇంట్లో వాసనేమిటి, పొద్దునా సాయంత్రం ఫినాయిల్ వేసి తుడిపిస్తానని గట్టిగా చెప్పింది. మంగతాయారు భర్త సూర్రావు లేచి గదులన్నీ తిరిగొచ్చి ఏ వాసనా లేదని సాక్ష్యం కూడా చెప్పాడు. తీరా చూస్తే అది వంటింటి అటక మీద డబ్బాలో ఉన్న ఎండునెత్తళ్ల వాసన. ఆ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక ఎండుచేప ఉంటుంది కాబట్టి అదొక వాసన అని వాళ్లకి తోచనే లేదు. శర్వాణి మర్నాడు ఊదుబత్తి వెలిగించింది. మంగతాయారు ఆ ఊదుబత్తి వాసన భరించలేక తుమ్ముతూ ల్యాబుకి వెళ్లిపోయింది.

వానలకి ముందు ఒక ఆదివారం ల్యాబు ఆవరణలో టీకాల శిబిరం పెట్టారు. టీకా వేయించుకున్న ప్రతి కుక్క మెడలో పసుపు రిబ్బను కట్టాలని, చూసేవాళ్లకి ధైర్యంగా ఉంటుందని శర్వాణి ఆలోచన. తనే కూర్చుని రిబ్బన్లు కత్తిరించింది. జనం బాగానే వచ్చారు, టీకా కోసం తక్కువ, తమాషా కోసం ఎక్కువ. కుక్కల్ని గొలుసులతో పట్టుకుని గోడ నీడన, గేటు దగ్గర, వెళ్లిపోవడానికి వీలుగా నిలబడ్డారు. ఎవరూ ముందుకి రాలేదు.

ఇది ఇలాగే జరుగుతుందని మంగతాయారు ముందే అనుకుంది. మొదటి టీకా బుల్లెమ్మకి వేయించాలని కూడా అనుకుంది. అవసరమా మేడమ్ అని ఇమ్మానుయేలు అడిగాడు. మన పిల్లకి వెయ్యనిది ఊళ్లో పిల్లలకి ఎలా వేస్తామని ఆమె జవాబు. బుల్లెమ్మకి అంతకుముందు కూడా ఏటా టీకా వేశారు, చీమ కుట్టినట్టయినా లేదు. ఆమె మైకు పుచ్చుకుని పెట్టె ఎలా పనిచేస్తుందో నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆ ముక్కు ఈ బుల్లెమ్మదేనని, ఈ ఊరి వీధుల్లో పుట్టిన ఊరకుక్కదని గట్టిగా చెప్పింది. సూర్రావు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. బుల్లెమ్మ పెదవి లోపల చుక్క రాశారు. కాసేపాగి దాని ఊపిరి గొట్టంలోకి పంపారు. పచ్చ దీపం వెలిగింది. ఇమ్మానుయేలు టీకా వేశాడు, శర్వాణి రిబ్బను కట్టింది.

రిబ్బను ముడి పడిందో లేదో బుల్లెమ్మ మూతిని కాళ్లతో రుద్దుకోవడం మొదలుపెట్టింది. నిలబడి ఉండే చెవి కూడా వాలిపోయింది. అడుగు వెయ్యబోయి పక్కకి ఒరిగి పడిపోయింది. మంగతాయారు చేతిలోని మైకు అలాగే ఉండిపోయింది. కుక్క ఊపిరి కోసం చేసే చప్పుడు అందులోంచి ఆవరణంతా వినపడింది.

ఇమ్మానుయేలు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. అడ్రినలిన్ సూది తొడలో పొడిచి, బుల్లెమ్మని చేతుల మీద ఎత్తుకుని లోపలికి పరిగెత్తాడు. వెనకే మంగతాయారు, శర్వాణి. ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. మంగతాయారు బుల్లెమ్మ తల ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. కొంతసేపటికి బుల్లెమ్మ డొక్కలు ఒక తీరుగా ఎగిసిపడటం మొదలుపెట్టాయి. కళ్లు మాత్రం వాపులో మునిగిపోయి సన్నగీతల్లా కనిపించాయి.

ప్రాణానికి భయం లేదని తేలాక ఇమ్మానుయేలు తలుపు దగ్గరికి వెళ్లి బయటికి చూశాడు. గేటు దగ్గర జనం పలచబడుతున్నారు.

"ఎండదెబ్బ అని చెప్దాం మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి. "పెట్టె తప్పు చెప్పిందంటే ఇంక ఈ ఊళ్లో ఒక్కడు కూడా కుక్కని తీసుకురాడు. వచ్చే నెల వానలు."

అతని మాటలో స్వార్థం లేదు. అందుకే మంగతాయారు అతని మీద కోప్పడలేదు. ముందు ఆ పెట్టె ఇలా తీసుకురమ్మంది. ఇమ్మానుయేలు తెచ్చి మూత విప్పాడు. ఏమీ చెడిపోలేదు. పొర సజీవంగా, గులాబీరంగులో మెరుస్తోంది. ఆమెకి ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి.

తడిగుడ్డతో బుల్లెమ్మ మూతి తుడుస్తున్న శర్వాణి తలెత్తి పెట్టె వైపు చూసింది. తర్వాత బుల్లెమ్మ వైపు చూసింది.

"అత్తమ్మా, గా డబ్బ మూత తియ్యంగనే బుల్లెమ్మ వాసనే వస్తుంది. అచ్చం గదే. మీకు వస్తలేదా?"

మంగతాయారు వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. ఏమీ లేదు. ఇమ్మానుయేలు కూడా పీల్చి తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ పొద్దస్తమానం బుల్లెమ్మతోనే ఉండేవాళ్లు. ఆమె మళ్లీ పీల్చబోయి ఆగిపోయింది. ఎండునెత్తళ్ల డబ్బా, గదులన్నీ తిరిగొచ్చి సాక్ష్యం చెప్పిన సూర్రావు, ఊదుబత్తి పొగ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ప్రతి కుక్క ఒంటికీ తనదైన వాసన ఉంటుంది. టీకా మీద తిరగబడేటప్పుడు పుట్టే వాసన కూడా ఆ ఒంటి వాసనతో కలిసే వస్తుంది. పెట్టెలోని పొర బుల్లెమ్మ కణాల్లోంచి పుట్టింది, బుల్లెమ్మ రక్తంలోనే పెరిగింది, ఇంకో కుక్క నీరు ఒక్క బొట్టు దానికి తగలనివ్వలేదు. ఏటా వేసిన టీకాలతో బుల్లెమ్మ ఒళ్లు పైకి కనపడకుండా లోలోపల ఎప్పుడు విరుచుకుపడటం మొదలుపెట్టిందో గానీ, అప్పటినుంచీ ఆ వాసన రక్తంతో పాటు రోజూ ఆ పొరకి అందుతూనే ఉంది. పొరకి అది పీల్చే గాలిలాంటిది, ఉందని కూడా తెలియదు. లోకంలో ఉన్న కుక్కలన్నిటి గురించీ చెప్పగల ఆ ముక్కుకి బుల్లెమ్మ ఒక్కతే తెలియదు. కన్నతల్లి పాలన్న మాట గుర్తొచ్చి మంగతాయారు కళ్లు గట్టిగా మూసుకుంది.

తర్వాత లేచి, చీర సర్దుకుని, మైకు అడిగింది. ఏం చెప్తారు మేడమ్ అన్నాడు ఇమ్మానుయేలు. "ఎండదెబ్బని మాత్రం చెప్పను. అబద్ధం చెప్పి తలెత్తుకు తిరగడం నాకు చేతకాదయ్యా," అని బయటికి నడిచింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బుల్లెమ్మ బతికిందని, పెట్టె తప్పు చెప్పిందని, ఎందుకు చెప్పిందో ఇప్పుడే తెలిసిందని చెప్పింది. ఎండుచేపల సంగతి కూడా దాచలేదు. ముందు వరసలో సూర్రావు తల దించుకున్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వులో వెటకారం తక్కువే, ఎండుచేపలు లేని ఇల్లు ఆ జనంలో ఎన్నని. అయినా అర్థం కావడం వేరు, నమ్మడం వేరు. తన సొంత కుక్కనే కనిపెట్టలేని ముక్కు మా కుక్కని కనిపెడుతుందా అని ఒకాయన అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆమె దగ్గర మాటలు తప్ప చూపించడానికి ఏమీ లేదు. కొందరు గొలుసులు లాగి కుక్కల్ని లేపారు.

అప్పుడు చేపల రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే నూకరాజు ముందుకొచ్చాడు. పొద్దుటి నుంచీ గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నది అతనే. పక్కన బూడిదరంగు కుక్క, పేరు సొర. దీనికి చూడండి అన్నాడు. ఇమ్మానుయేలు సొర పెదవి లోపల చుక్క రాశాడు. ఊపిరి గొట్టంలోకి పంపాడు. ఆవరణలో ఎవరూ కదల్లేదు.

ఎర్ర దీపం వెలిగింది.

నూకరాజు వంగి ఆ దీపాన్ని దగ్గరగా చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"పోయినేడు దీనికి సూదేస్తే మూతి బుంగలా వాచిపోయిందండి. ఊపిరాడక కొట్టేసుకుంది. పోతాదనే అనుకున్నాం. ఎవరికీ చెప్పలేదండి నేను. ఈ పెట్టెకి తెలుస్తాదో లేదో చూద్దారని తెచ్చేను. పచ్చలైటు ఎలిగితే మీ మొకానే అబద్ధమని చెప్పి పోదారనుకున్నాను." అతను సొర తల నిమిరాడు. "తెలిసిందండి దీనికి."

వెళ్లిపోబోయినవాళ్లు ఆగారు. మంగతాయారుకి నూకరాజు కాళ్లకి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. మైకు మళ్లీ పైకెత్తింది.

"నా బుల్లెమ్మకి ఇంక ఈ టీకా వెయ్యలేను. ఈయన సొరకి కూడా వెయ్యలేం. జబ్బు వాటి దాకా రాకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న మీ కుక్కలకి రాకుండా ఉండాలి. నేను అడిగేది అంతే. బుల్లెమ్మ ముక్కు మీ కుక్కల్ని కాస్తుంది. మీ కుక్కలు నా బుల్లెమ్మని కాయాలి."

ఆ మాటకి చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఒకావిడ మాత్రం చంకలో కుక్కపిల్లతో వచ్చి పెట్టె ముందు నిలబడింది. వెనక ఇంకొకరు. కాసేపటికి వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. ఆ రోజు పెట్టె ఇంకో ముసలి ఆల్సేషన్‌కి కూడా ఎర్ర దీపం చూపించింది. మిగతా కుక్కలు ఒక్కటి కూడా కందిపోకుండా, రిబ్బన్లు కట్టించుకుని ఇళ్లకి పోయాయి. శర్వాణి కత్తిరించిన రిబ్బన్లు అయిపోతే సూర్రావు బజారుకి పరిగెత్తాడు. లోపల బుల్లెమ్మ లేచి కూర్చుంది. వాచిన మూతిని కిటికీకి ఆనించి, పోయే ప్రతి కుక్కనీ వాసన చూసింది. ఇమ్మానుయేలు దాని మెడలో రిబ్బను విప్పేశాడు. టీకా పడని కుక్క మెడలో టీకా రిబ్బను ఉండకూడదని మేడమ్ చెప్పింది.

ఆ వానలకి చేపల రేవులో కుక్కపిల్లలు చావలేదు. సందుల్లో బొద్దుగా, చెవులు ఊపుకుంటూ, చెప్పులు ఎత్తుకుపోతూ తిరిగాయి. వాటి మీద ఫిర్యాదులు వచ్చినప్పుడల్లా మంగతాయారుకి సన్మానం జరిగినట్టే ఉండేది.

ఆ ఏడాదంతా వాళ్లు రెండో ముక్కు పెంచారు. కణాలు సొరవి. ఈసారి నాలుగైదు కుక్కల రక్తంలోని నీరు కలిపి పోశారు, అందులో బుల్లెమ్మది మాత్రం లేకుండా చూశారు. పోతపాలు పట్టావా అని మంగతాయారే ఇమ్మానుయేలుని పొద్దున్నే గుర్తుచేసేది. నూకరాజు వారానికోసారి వచ్చి, మావాడి ముక్కు ఎంతవరకు వచ్చిందని గాజులోంచి తొంగిచూసి పోయేవాడు. తన కుక్క ముక్కు మీద అతనికి వచ్చిన గర్వం చూసి, తను కూడా బయటివాళ్లకి ఇలాగే కనిపించేదా అని మంగతాయారు నవ్వుకునేది.

మళ్లీ వానలకి ముందు ఆదివారం శిబిరం. ఈసారి పొద్దున్నే వరస కట్టారు. అందరికంటే ముందు బుల్లెమ్మని తీసుకొచ్చి సొర పెట్టె ముందు కూర్చోబెట్టారు. పెదవి లోపల చుక్క మందు. మంగతాయారు చెయ్యి బుల్లెమ్మ వీపు మీదే ఉంది. మందు సిద్ధంగా ఇమ్మానుయేలు జేబులో ఉంది. ఊపిరి గొట్టంలోకి పోయింది.

ఎర్ర దీపం వెలిగింది. ఆవరణంతా చప్పట్లు మోగాయి.

"మీ అమ్మాయి ముక్కు మావోణ్ణి కనిపెట్టింది, మావోడి ముక్కు మీ అమ్మాయిని కనిపెట్టింది," అన్నాడు నూకరాజు. "కుండమార్పిడి సంబంధంలాగుందండి డాక్టరుగారూ."

అయితే మనం వియ్యాలవారమే, మధ్యాహ్నం భోజనానికి రండి, ఎండునెత్తళ్ల ఇగురు ఉంది అని ఆమె పిలిచింది. శర్వాణి వండిందని కూడా చెప్పింది.

తర్వాత బుల్లెమ్మ గొలుసు పట్టుకుని వరస పక్క నుంచి గేటు దాకా నడిచింది. అప్పటికే టీకాలు వేయించుకున్న కుక్కలు మెడల్లో పసుపు రిబ్బన్లతో అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. బుల్లెమ్మ ఒక్కో దాని దగ్గర ఆగి తీరిగ్గా వాసన చూసి, అంతా బాగానే ఉందన్నట్టు తోక ఊపి ముందుకి సాగింది. దాని మెడ బోసిగా ఉంది. ఆ బోసిమెడని చూస్తూ మంగతాయారు తలెత్తుకుని నడిచింది.